ఎండ కాస్తోంది కదా, నడకకి వెళ్లొద్దా?

ప్రశ్న: నేను ఖమ్మం జిల్లాలో బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. వయసు 68. బీపీ మాత్ర వేసుకుంటాను, మిగతా అంతా బాగానే ఉంది. నవంబర్‌లో మా ఆవిడా నేనూ ఇల్లినాయ్ రాష్ట్రం బ్లూమింగ్టన్‌లో ఉండే అమ్మాయి దగ్గరికి వచ్చాం. తిరుగు ప్రయాణం ఏప్రిల్ చివర్లో. నా బాధల్లా నడక గురించి. ఊళ్లో రోజూ పొద్దున్నే చెరువు కట్ట మీద గంటసేపు నడిచేవాణ్ణి. ఇక్కడ కిందటి వారం ఎలా గడిచిందో చూడండి. ఆదివారం 52 డిగ్రీలు (ఇక్కడ అంతా ఫారెన్‌హీట్ లెక్కే), పల్చటి స్వెటర్‌తో తిరిగాను. సోమవారం వాన, రాత్రికి అదే గడ్డకట్టింది. మంగళవారం కొమ్మ కొమ్మకీ ఐసు, రెండుసార్లు కరెంటు పోయింది. బుధవారం మంచు పడింది. గురువారం ఆకాశంలో మబ్బు తునక లేదు, కళ్లు చెదిరే ఎండ. సరే కదా అని శాలువా కప్పుకుని మంకీ క్యాప్ పెట్టుకుని తలుపు తీశానో లేదో, మా అల్లుడు అరిచినంత పని చేశాడు. బయట మైనస్ 5 అట, కానీ ‘ఫీల్స్ లైక్’ మైనస్ 26 అట. చలికి కూడా రెండు లెక్కలా? శనివారం 38కి ఎక్కింది, మంచంతా కరుగుతోంది, ఆదివారం పొద్దున్నే వెళ్తానంటే అప్పుడూ వద్దన్నారు. పోనీ డ్రైవ్‌వేలో మంచు తీసిపెడదామంటే పార ముట్టుకోనివ్వరు. వీళ్లు మరీ ఎక్కువ భయపడుతున్నారా? ఊళ్లో గాలి చూసి వాన చెప్పేవాణ్ణి. ఇక్కడ ఏమీ తెలియని మనిషినైపోయాను. ఈ చలి కనీసం శివరాత్రికైనా పోతుందా?

జవాబు:

మాస్టారూ, నమస్కారం.

ముందు మీ అల్లుడి సంగతి తేల్చేద్దాం. గురువారం అతను వద్దనడం సబబే. ఆదివారం పొద్దున వద్దనడం అంతకంటే సబబు. రెండోది మీకు మింగుడు పడదని తెలుసు, అందుకే ఈ జవాబులో ఎక్కువ భాగం దాని గురించే. అలాగని మిమ్మల్ని ఏప్రిల్ దాకా సోఫాలో కూర్చోబెట్టి యూట్యూబ్ చూపించడం న్యాయమని నేను అనను. రోజూ గంట నడిచిన మనిషి ఆరు నెలలు నడక మానేస్తే బీపీ ఊరుకోదు, మనసూ ఊరుకోదు. కాబట్టి వాదన ‘వెళ్లాలా వద్దా’ అన్నది కాదు, ఏ రోజు, ఏ గంటకి అన్నదే.

మీరు పిల్లలకి హిమాలయాల పాఠం చెప్పే ఉంటారు. సైబీరియా వైపు చలిగాలి మన మైదానాల మీదికి దిగకుండా తూర్పు పడమరలుగా అడ్డం నిలబడ్డ కొండలవి. ఇప్పుడు ఉత్తర అమెరికా మ్యాపు ముందేసుకోండి. రాకీ పర్వతాలు ఎంత ఎత్తున్నా ఉత్తర దక్షిణాలుగా పడుకున్నాయి. కెనడా పైకొస నుంచి బయల్దేరిన గాలికి ఇల్లినాయ్ దాకా అడ్డంగా చెప్పుకోదగ్గ కొండ ఒక్కటి లేదు. అటు దక్షిణాన, వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరంలో గల్ఫ్ ఆఫ్ మెక్సికో. అక్కడి తేమకీ వెచ్చదనానికీ కూడా పైకి రావడానికి దారి తెరిచే ఉంది. ఈ రెండు గాలులూ కలబడే చోటే మీ అమ్మాయి ఇల్లు.

మనకి అల్పపీడనం అంటే బంగాళాఖాతం గుర్తొస్తుంది. వీళ్ల అల్పపీడనాలు చలికాలంలో నేల మీదే పుడతాయి, కొన్ని కొలరాడో దగ్గర రాకీల పక్కన, కొన్ని కెనడాలోని ఆల్బెర్టా వైపు. కొలరాడో వైపువి వస్తూ వస్తూ గల్ఫ్ తేమని లాక్కుంటాయి, ఎక్కువ వాన, ఎక్కువ మంచు కురిపిస్తాయి. ఆల్బెర్టావి వేగంగా వచ్చి కొద్దిగా మంచు చల్లి, వెనకాలే గడ్డకట్టే చలిని వదిలిపోతాయి. ఏది వచ్చినా దాని ముందు దక్షిణ గాలి వీస్తుంది, అది దాటాక గాలి వాయవ్యానికి తిరుగుతుంది. మీ వారం మొత్తం ఈ ఒక్క ముక్కలోనే ఉంది. ఆదివారం మీకు హాయిగా అనిపించిన 52 డిగ్రీలు గల్ఫ్ నుంచి వచ్చిన అప్పు. గురువారం కెనడా వాడు వచ్చి వసూలు చేసుకుపోయాడు.

కాబట్టి ‘ఏమీ తెలియని మనిషినైపోయాను’ అనకండి. గాలి చూసి వాన చెప్పిన విద్య ఇక్కడా పనికొస్తుంది, దిక్కులు మాత్రమే మారాయి. జనవరిలో దక్షిణ గాలి వెచ్చగా వీస్తోందంటే సంబరపడక్కర్లేదు, ఒకటి రెండు రోజుల్లో ఏదో వస్తోందని గుర్తు. గాలి వాయవ్యానికి మళ్లిందంటే గంటల్లోనే పాదరసం పడుతుంది. ఎంత పడుతుందో మన అనుభవంతో ఊహించలేం. 1911 నవంబర్ 11న మిస్సోరీలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మధ్యాహ్నం 80 డిగ్రీలుంది, అంటే మన లెక్కలో 27కి దగ్గర. అదే రోజు అర్ధరాత్రికి 13కి పడింది, సెల్సియస్‌లో మైనస్ పది దాటి. ఆ తేదీకి అత్యధికమూ అత్యల్పమూ రెండూ ఒక్కరోజే నమోదయ్యాయి. విచిత్రంగా అదే తేదీన, 1940లో, మిన్నెసోటాలో పొద్దున్న వెచ్చగా ఉందని పల్చటి బట్టలతో బాతుల వేటకి వెళ్లినవాళ్లు మధ్యాహ్నానికి మంచు తుఫానులో చిక్కుకున్నారు. నది లంకల్లోంచి చాలామంది తిరిగి రాలేదు. పల్చటి స్వెటర్ సంగతి రాశారు కదా, అందుకని ఇది చెప్పాను. వెచ్చటి రోజు బయటికి వెళ్లండి, కానీ మందపాటి జాకెట్ చేతికి తగిలించుకుని వెళ్లండి.

ఇప్పుడు ఆ ఆదివారం పొద్దున విషయం.

మిడ్‌వెస్ట్‌లో, అంటే ఇల్లినాయ్ లాంటి అమెరికా మధ్య ఉత్తర రాష్ట్రాల్లో, చలికాలంలో మీరు గుర్తుపెట్టుకోవాల్సిన అంకె ఒక్కటే, 32. నీళ్లు గడ్డకట్టే ఫారెన్‌హీట్ అంకె. సున్నాకి కింద ఉన్న రోజున మనుషులు ఎలాగూ జాగ్రత్తగానే ఉంటారు, చాలామంది ఇల్లు కదలరు. 32కి అటూ ఇటూ ఊగే రోజునే కాళ్లు విరుగుతాయి. శనివారం 38కి వచ్చి కరిగిన నీళ్లు ఎక్కడికి పోయాయి? డ్రైవ్‌వే వాలున కిందికి జారి సైడ్‌వాక్ మీద నిలబడ్డాయి. ఇంటి కప్పు మీది మంచు కరిగి గొట్టంలోంచి గుమ్మం పక్కకే కారింది. రాత్రి 25కి పడగానే ఆ నీళ్లన్నీ పల్చటి ఐసు పొరలయ్యాయి. ఆ పొరకి రంగుండదు, కింద ఉన్న సిమెంటే కనిపిస్తుంది, మహా అయితే తడిసినట్టుంటుంది. దీన్నే ఇక్కడ బ్లాక్ ఐస్ అంటారు. మీ కంటికి నేల పొడిగా, మంచు పోయి, నడవడానికి భేషుగ్గా కనిపించిన చోటే అది ఉంటుంది. ఇంటికి ఉత్తరం వైపు, గ్యారేజ్ నీడ పడే చోట, మధ్యాహ్నం దాకా కరగదు కూడా.

సోమవారం రాత్రి జరిగింది ఇంకో రకం. పైన ఆకాశంలో గల్ఫ్ నుంచి వచ్చిన వెచ్చటి పొర, కింద నేలకి ఆనుకుని కెనడా నుంచి పాకి వచ్చిన చల్లటి పొర. మంచుగా బయల్దేరింది వెచ్చటి పొరలో కరిగి వానై, కింది పొరలో మళ్లీ గడ్డకట్టే వ్యవధి లేక, నీళ్లుగానే దిగి తాకిన చోటల్లా గడ్డకడుతుంది. అదే ఫ్రీజింగ్ రెయిన్. కింది చల్లటి పొర మందంగా ఉంటే దారిలోనే గడ్డకట్టి చిన్న చిన్న గుళ్లుగా రాలుతుంది, అది స్లీట్. స్లీట్ చప్పుడు చేస్తుంది కాబట్టి మనకి తెలుస్తుంది. ఫ్రీజింగ్ రెయిన్ మామూలు వానలా నిశ్శబ్దంగా పడుతుంది, కొమ్మలు బరువెక్కి విరిగి తీగల మీద పడేదాకా తెలియదు. మీకు రెండుసార్లు కరెంటు పోయిందంటే కారణం బహుశా అదే. ఈ వాన పడే రోజు నడకే కాదు, కారెక్కడం కూడా అనవసరం. ముఖ్యంగా వంతెనలు. కింద కూడా చల్లగాలే తిరుగుతుంది కాబట్టి రోడ్డు కంటే ముందు వంతెన గడ్డకడుతుంది.

ఉప్పు చల్లితే సరిపోదా అంటారేమో. మామూలు రాతి ఉప్పు 15, 20 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా బాగా పనిచేస్తుంది, అంతకంటే కిందికి పోతే దాని బలం తగ్గిపోతుంది. గురువారం నాడు మీరు గుప్పెడు ఉప్పు చల్లినా పెద్దగా లాభం ఉండేది కాదు. అలాంటప్పుడు ఇసక మేలు, ఐసుని కరిగించకపోయినా కాలికి పట్టునిస్తుంది.

‘ఫీల్స్ లైక్’ మీద మీ చిరాకు అర్థమైంది, కానీ అది వట్టి మాట కాదు. మన ఒళ్లు తన చుట్టూ ఉన్న గాలిని పల్చటి పొరగా వెచ్చబెట్టుకుంటుంది. గాలి వీస్తే ఆ పొరని లాక్కుపోతుంది, ఒళ్లు మళ్లీ మొదటి నుంచి వెచ్చబెట్టుకోవాలి. గాలి ఎంత జోరుగా ఉంటే చర్మం అంత త్వరగా చల్లబడుతుంది, దాన్ని లెక్కగట్టి చెప్పే అంకే విండ్ చిల్. ఇప్పుడు వాడే పట్టిక ఇక్కడి ప్రభుత్వ వాతావరణ శాఖ, నేషనల్ వెదర్ సర్వీస్, 2001లో సవరించింది. గంటకి 15 మైళ్ల గాలి ఉంటే మైనస్ 5 కాస్తా మైనస్ 26 అవుతుంది, మీ అల్లుడు చెప్పింది సరిగ్గా పట్టికలో ఉన్నదే. ఆ లెక్కన కప్పుకోని చర్మం అరగంటలో మొద్దుబారి ఫ్రాస్ట్‌బైట్ అవుతుంది, అంటే చలికి చర్మం గడ్డకట్టి దెబ్బతింటుంది. ముక్కు కొన, చెవి తమ్మెలు, వేళ్ల చివర్లు ముందు పోతాయి. పోతున్నప్పుడు నొప్పి ఉండదు, అదే దాని మోసం. కారుకీ కిటికీకీ మాత్రం విండ్ చిల్ లేదు, వాటికి మైనస్ 5 అంటే మైనస్ 5 దగ్గరే ఆగుతుంది. రెండు లెక్కలు ఎందుకంటే ఒకటి వస్తువులకి, ఒకటి మనుషులకి.

మరి ఆ ఎండ? ఇల్లినాయ్‌లో జనవరి ఎండని చూసి మురిసిపోయేది కొత్తగా వచ్చిన మనవాళ్లే. మీకు ఊళ్లో తెలిసిన సంగతే, మబ్బు పట్టిన రాత్రి చలి తక్కువ, నిర్మలంగా ఉన్న రాత్రి ఎక్కువ. మబ్బు దుప్పటిలా నేల వేడిని పట్టి ఉంచుతుంది. కెనడా గాలి పొడిగా ఉంటుంది, అది వచ్చాక మబ్బుండదు, ఉన్న కాస్త వేడీ రాత్రంతా ఆకాశంలోకి పోతుంది. పొద్దున వచ్చిన ఎండలో ఎక్కువ భాగాన్ని తెల్లటి మంచు తిప్పికొడుతుంది. అందుకే ఇక్కడ వణికించే రోజులు చాలావరకు ఫోటోకి బాగుండే రోజులే. 2019 జనవరి 30న షికాగోలో మైనస్ 23కి పడింది. మర్నాడు ఇదే రాష్ట్రంలో మౌంట్ క్యారల్ అనే ఊళ్లో మైనస్ 38, ఇల్లినాయ్ చరిత్రలోనే రికార్డు. ఆ వారం మిడ్‌వెస్ట్‌లో చాలా చోట్ల ఉత్తరాల బట్వాడా కూడా ఆపేశారు. లంబసింగిలో సున్నా దగ్గరికి వస్తే మనం బస్సులు కట్టుకుని చూడ్డానికి వెళ్తాం. ఇక్కడ సున్నా సెల్సియస్ అంటే జనవరిలో మంచి రోజు.

మీకు నేను చెప్పే పద్ధతి ఇది. డాక్టరు లెక్క కాదు, మీ వయసూ బీపీ దృష్టిలో పెట్టుకుని నేను వేసిన లెక్క. ఫీల్స్ లైక్ 20 ఫారెన్‌హీట్‌కి పైన ఉండి, నిన్న కరగడం, వాన పడడం లాంటివి లేకుండా నేల పొడిగా ఉంటే అరగంటో ముప్పావుగంటో హాయిగా నడవండి. ఊళ్లోలా తెల్లవారుజామున కాదు, మధ్యాహ్నం ఒంటిగంటా మూడింటి మధ్య. మీ ఊళ్లో కానిస్టిట్యూషన్ ట్రెయిల్ ఉంది, పాత రైలు మార్గం మీద వేసిన కాలిబాట, చెరువు కట్టంత కాకపోయినా నడవడానికి బాగుంటుంది. 20కీ సున్నాకీ మధ్యైతే పది పదిహేను నిమిషాలు, ఇంటి చుట్టుపక్కలే. సున్నాకి దిగితే ఆ రోజుకి వదిలేయండి. నిన్న పగలు 32 దాటి రాత్రి దాని కిందికి పోయి ఉంటే మాత్రం, ఎంత వెచ్చటి రోజైనా పొద్దుటి పూట వెళ్లొద్దు. ఎక్స్‌ట్రీమ్ కోల్డ్ వార్నింగ్ అని ఫోన్‌లో వచ్చిందా, ఇక చర్చ లేదు.

బయటికి వెళ్లేటప్పుడు శాలువా వదిలేయండి, దానికి గాలిని ఆపే శక్తి లేదు. మంకీ క్యాప్ మాత్రం ఉంచుకోండి. పిల్లలు నవ్వినా సరే, చెవులు, బుగ్గలు, గడ్డం ఒకేసారి కప్పే వస్తువు అంతకంటే మంచిది ఇక్కడి షాపుల్లో నాకు దొరకలేదు. నూలు బనీను చెమట పీల్చి తడిగా ఉండిపోతుంది, లోపల థర్మల్స్ వేసుకుని, పైన ఉన్ని, దాని పైన గాలి దూరని జాకెట్ వేసుకోండి. వేళ్లు విడివిడిగా ఉండే గ్లోవ్స్ కంటే నాలుగు వేళ్లూ కలిపి ఉండే మిట్టెన్స్ వెచ్చన. రెండు జతల సాక్సులు బూట్లలో ఇరికించకండి, బిగుతైతే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి. బూట్ల మీద తొడుక్కునే ఐస్ క్లీట్స్ ఉంటాయి, రబ్బరు పట్టీకి ఇనప ముళ్లు, ఖరీదేం కాదు. ఇంట్లోకి రాగానే విప్పేయండి, టైల్స్ మీద అవే జారుస్తాయి. నడుస్తున్నప్పుడు చేతులు జేబుల్లో పెట్టుకోవద్దు, అడుగులు పొట్టిగా, పాదం మొత్తం ఆనేలా వేయండి.

ఇంకో సంగతి, ఎవరూ ముందుగా చెప్పరు. చెత్త పడేద్దామనో, మెయిల్‌బాక్స్ చూద్దామనో లుంగీ మీద ఒక్క నిమిషానికి బయటికి వెళ్తారు. వెనక తలుపు దానంతటదే లాక్ పడుతుంది. పిల్లలు ఆఫీసులో, ఫోన్ లోపల, బయట మైనస్. తలుపుకి నంబర్ల తాళం ఉంటే ఆ నంబరు మీరూ అమ్మగారూ ఇద్దరూ కంఠతా పట్టండి. ఒక్క నిమిషమైనా జాకెట్ వేసుకునే వెళ్లండి. ఫోన్ ఉంటే లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా పెట్టుకోండి, చలికి బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది.

పార విషయంలో నేను మీ పక్షం కాదు. పొలం పనులు చేసిన ఒళ్లని మీకు ధైర్యం ఉండొచ్చు. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ అసలే పెరుగుతుంది, దాని మీద తడి మంచు ఎత్తి విసరడం గుండెకి పెద్ద బరువు. ఇక్కడ ఏటా మంచు తీస్తూ గుండెపోటుతో పోయేవాళ్లున్నారు, హృద్రోగ నిపుణులు అందుకే పెద్దవాళ్లని ఆ పని పెట్టుకోవద్దంటారు. సాయం చేయాలనుంటే వేరే పనుంది. సున్నా కిందికి పోయే రాత్రి బయటి గోడని ఆనుకున్న సింకుల కింద అల్మరా తలుపులు తెరిచి, కొళాయి సన్నటి ధారగా వదిలి పడుకోవాలి, లేకపోతే పైపులు గడ్డకట్టి పగులుతాయి. ఆఫీసు హడావుడిలో పిల్లలు మర్చిపోయేది అదే. ఆ బాధ్యత మీరు తీసుకోండి.

వెదర్ యాప్‌లో మబ్బు బొమ్మ, మంచు బొమ్మ చూసి నమ్మడం మానేయండి. నేషనల్ వెదర్ సర్వీస్ సైట్‌లో గంట గంటకీ గీతలు గీసి చూపించే పేజీ ఉంటుంది, అందులో ఉష్ణోగ్రత, విండ్ చిల్, గాలి దిక్కు అన్నీ వరసగా కనిపిస్తాయి. మీ ప్రాంతానికి వాళ్ల ఆఫీసు దగ్గర్లోనే, లింకన్ ఊళ్లో ఉంది. అక్కడి వాతావరణ శాస్త్రవేత్తలు రోజూ ‘ఫోర్‌కాస్ట్ డిస్కషన్’ అని నాలుగు పేరాలు రాస్తారు. ఏ కంప్యూటర్ నమూనా ఏం చెబుతోంది, ఎక్కడ తమకి అనుమానంగా ఉంది, దాపరికం లేకుండా ఉంటుంది. వానకీ మంచుకీ మధ్య గీత ఇరవై మైళ్లు అటో ఇటో జరిగితే మీ ఇంటి ముందు పడేది మారిపోతుంది, అందుకే జోస్యాలు తప్పుతుంటాయని అది చదివితే తెలుస్తుంది. మీలాంటివారికి దినపత్రిక కంటే ఇదే రుచిగా ఉంటుందని నా నమ్మకం. పొద్దున్నే చదివి, కాఫీ తాగే వేళకి ఇంట్లో వాళ్లకి ఆ రోజు సంగతి మీరే చెప్పండి. వారం తిరిగేసరికి మీ అల్లుడే ‘మామయ్యగారూ, రేపు కారు తీయొచ్చా’ అని అడుగుతాడు.

మీ అమ్మాయికి ఒక మాట, ఈ పేరా చూపించండి. అమ్మా, నాన్నగారు జారిపడితే హాస్పిటల్ బిల్లు ఎంతవుతుందో, విజిటర్ ఇన్సూరెన్స్ ఎక్కడ చేతులెత్తేస్తుందో నీ మనసులో ఉంది, ఆయనకి చెప్పలేదు. చెప్పు. కారణం తెలియకుండా ‘వద్దు’ అంటే పెద్దమనిషికి అవమానంగా ఉంటుంది. నడవలేని రోజుల్లో ఆయన్ని లైబ్రరీలో దింపు, వారానికోసారి కాస్ట్‌కో లాంటి పెద్ద దుకాణానికి తీసుకెళ్లి బండి ఆయన చేతికిచ్చి అన్ని వరసలూ తిరగనివ్వు. ఇండోర్ ట్రాక్ ఉన్న చోట సభ్యత్వం దొరికితే ఇంకా మంచిది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందన్న సామెత ఇక్కడ చెల్లదు మాస్టారూ. ఆ రోజు మంచు పడినా ఆశ్చర్యం లేదు. మార్చి నెల ఇంకా చపలం, పొద్దున స్నో, సాయంత్రం ఉరుములు. ఏప్రిల్‌లో పూలు పూశాక కూడా ఒక రాత్రి గడ్డకడుతుంది. అదీకాక, వెచ్చబడే కొద్దీ ఇందాక చెప్పిన ఆ రెండు గాలుల కొట్లాటకే టోర్నడోలు మొదలవుతాయి. ఇల్లినాయ్‌లో ప్రతి నెలా మొదటి మంగళవారం పొద్దున పదింటికి సైరన్లు మోగిస్తారు, ఇప్పటికే ఓసారి విని ఉలిక్కిపడి ఉంటారు. అది పరీక్ష, పట్టించుకోనక్కర్లేదు. వేరే ఏ రోజు, ఏ వేళ మోగినా అమ్మగార్ని తీసుకుని బేస్‌మెంట్‌లోకి దిగండి, కిటికీ దగ్గరికి వెళ్లి ఆకాశం చూడకండి.